పోలమ్మకు నాలుగు శాతం

9వ రోజు

ఈ నోటుపుస్తకం ఇవాళే మొదలుపెట్టాను. కేంద్రంలో తెర మీద రాసేది, నోటితో చెప్పేది అంతా యంత్రం చదువుతుంది. పెన్సిలుతో కాగితం మీద రాసింది మాత్రం దానికి అందదు. పోలమ్మ చేరిన నాటి నుంచి రోజులు లెక్కవేస్తున్నాను. ఇక్కడ తేదీలు ఎవరికీ గుర్తుండవు. రోగికి ఎన్నో రోజు అన్నదే మా లెక్క.

నా పేరు హైమవతి. గాలిమెట్ట పక్షవాత పునరావాస కేంద్రంలో ఆరేళ్లుగా ఫిజియోని.

పొద్దున నీళ్ల ట్యాంకు కొలత రాశాను, కాళ్లకు తొడిగే నడకమరల బ్యాటరీలు చూశాను, ముగ్గురు రోగుల కీళ్లు వంచాను. నాలుగో మంచం దగ్గరికి వెళ్లేసరికి పోలమ్మకు ఆమె భర్త గవరయ్య జావ తాగిస్తున్నాడు. ఆ మంచానికి కుడివైపు గోడ. ఎవరొచ్చినా ఎడమవైపే నిలబడతారు. గవరయ్య మాత్రం మంచానికీ గోడకీ మధ్య జానెడు సందులో ఇరుక్కుని కూర్చున్నాడు.

"అక్కడెందుకండీ ఇరుకులో? ఇటు రండి" అన్నాను.

"ఇటేపు కూకుంటేనే ఇనబడతాదమ్మా దానికి. ఎడం సెవి పోయి పదేళ్లయిపోనాది. కొండ మీదికి లాగే తాడుబండి ఇంజను పక్కన ఇరవయ్యారేళ్లు నిలబడ్డాది కదా, ఆ మోతకి పోనాది."

వంచుదామని పట్టుకున్న పోలమ్మ మోకాలు నా చేతుల్లోనే ఉండిపోయింది. వంచడం మరిచిపోయాను.

మూడో రోజు పోలమ్మను పరీక్షించింది నేనే. ఎడమవైపు నిలబడి, "కళ్లు మూయండి, ఎడంచేయి ఎత్తండి, పిడికిలి బిగించండి" అని మూడుసార్లు చెప్పాను. ఆమెకు కుడి కాలూ చేయీ పడిపోయాయి, మాట పోయింది. ఎడంచేయి బాగానే ఉంది. అయినా కదలకుండా పైకప్పు చూస్తూ ఉండిపోయింది. గోడ అవతల నీళ్ల మోటారు ధడధడమంటోంది. అంటే వినపడే చెవి మోటారు వైపు ఉంది, చెవిటి చెవి నావైపు ఉంది. 'చెప్పింది అర్థం కావడం' అన్న గడిలో సున్నా వేసి పక్క మంచానికి వెళ్లిపోయాను.

ఇవాళ మోటారు ఆగేదాకా ఉన్నాను. గవరయ్యను లేపి ఆ సందులోకి దూరాను. వంగి చెవి దగ్గర, "పోలమ్మగారూ, కళ్లు మూయండి" అన్నాను.

మూసింది.

"ఎడంచేయి ఎత్తండి."

ఎత్తింది. తర్వాత కళ్లు తెరిచి నావైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది. ఆరు రోజులుగా ఏం చేస్తున్నావని అడిగినట్టుంది.

10వ రోజు

మూడో రోజు మేం వేసే పదకొండు అంకెల్ని తీసుకుని యంత్రం ఒక శాతం చెబుతుంది. నలభై అయిదు రోజుల్లోపు ఈ మనిషి తన కాళ్ల మీద తాను ఇంటికి వెళ్లే అవకాశం అది. కాగితాల మీద దాని పేరు నిర్గమ సూచిక. మేమంతా జాతకం అంటాం. యాభై దాటితే ఇంటిచీటీ. రోజుకు రెండు గంటలు నడకమర తొడిగి నడిపిస్తాం, మాటలు నేర్పిస్తాం. యాభైలోపు వస్తే కొండచీటీ. శుభ్రం చేయడం, కీళ్లు వంచడం, మందులు, అంతే. ఇరవై ఒకటో రోజున తాడుబండి ఎక్కించి పైఇంటికి పంపుతాం. ఇక లేవరనుకున్నవాళ్లను చివరిదాకా ఉంచే పైఇల్లు కొండ నెత్తిన ఉంది. పంపేది మేమే అయినా నేనెప్పుడూ అది చూడలేదు.

పోలమ్మకు నాలుగు శాతం పడింది.

దస్త్రం తెరవబోయాను. తాళం పడిపోయింది. మూడు రోజులు దాటాక తెరవాలంటే ఒకటే దారి. పరీక్షించిన మనిషి 'నేను తప్పు అంకె వేశాను' అని సంతకం చేసి ఇవ్వాలి. అప్పుడు ఆ ఒక్క దస్త్రంతో సరిపెట్టరు, ఆ మనిషి చేసిన పరీక్షలన్నీ బయటికి తీస్తారు. నావి రెండువందల పన్నెండు.

నిరుడు నాతోపాటు ఫిజియోగా చేసిన రత్నమాల అలా సంతకం చేసింది. మర్నాడు ఆమె వేలిముద్రకు గేటు తెరుచుకోలేదు. వారంలో క్వార్టర్సు ఖాళీ చేయించారు. ఇప్పుడు కింద ఉప్పునేల శిబిరాల్లో ఎక్కడో ఉందట. సముద్రం పైకొచ్చాక అక్కడ నేల ఏడాది పొడుగునా తడే. నాతోనే ఉండే మా అత్తయ్యకు ఉబ్బసం. ఈ మెట్ట మీద పొడిగాలిలోనే ఆవిడకు ఊపిరి ఆడటం లేదు.



12వ రోజు

డాక్టర్ ముకుంద్‌గారిని కదిపి చూశాను. చెడ్డమనిషి కాదు. ప్రతి రోగి పేరూ ఆయనకు తెలుసు.

"సార్, కొండచీటీ పడినవాళ్లలో ఎప్పుడైనా ఎవరైనా లేచి నడిచారా?"

"ఒక్కరు కూడా లేరమ్మా. మన అంచనా తొంభై ఏడు శాతం నిజమవుతోంది. ఈ మండలం మొత్తంలో మనదే మొదటిస్థానం. అందుకే మనకు ఇంత కరెంటు ఇస్తున్నారు. తొంభై అయిదు కిందికి దిగితే సగం నడకమరలు మూలన పెట్టాల్సిందే."

"నడకమర తొడక్కుండా నడుస్తారో లేదో ఎలా తెలుస్తుంది సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"మీకేదైనా అనుమానం ఉంటే రాసివ్వండి హైమవతిగారూ. లేకపోతే ఇలాంటివి తెర ముందు మాట్లాడకండి."

అప్పుడు చూశాను, ఆయన వెనక గోడ మీద తెర వెలుగుతోంది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కొండచీటీ ఇచ్చి నడిపించడం మానేస్తున్నాం. నడిపించకపోతే ఎవరు నడుస్తారు? జాతకం నిజం కాక ఏమవుతుంది? ఆరేళ్లు ఇక్కడే ఉండి, ఇంత చిన్న సంగతి నాకు ఇవాళ తట్టింది.

13వ రోజు

మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంటా నలభై దాకా కరెంటు కోత. తెరలు, పైకప్పు కెమెరాలు అన్నీ ఆగిపోతాయి. సిబ్బంది చెట్ల కిందికి పోయి కునుకు తీస్తారు. ఆ గంటా నలభై నిమిషాలు వాడుకోవాలనుకున్నాను. ఎనిమిది రోజులున్నాయి. సంతకం చేయకుండానే ఆమెను లేపి నిలబెడితే, తెర ముందు నిలబడ్డ మనిషిని ఎవరూ తాడుబండి ఎక్కించలేరు కదా అని నా ఆశ. నిజం రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. ఇది ధైర్యం కాదు. సంతకం పెట్టకుండా తప్పించుకునే దారి.

గవరయ్యకు చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, "ఇదేటైనా తప్పుపనా అమ్మా?" అని అడిగాడు.

"నాకు తప్పు. మీకు కాదు."

"దాన్ని పైకి అంపీకుండా ఉంటాదంటే నాను ఏటైనా సేత్తాను. ఏటి సెయ్యాలో సెప్పండి."

మంచం గోడకు దూరంగా జరిపాం. ఇద్దరం పోలమ్మను లేపి అంచున కూర్చోబెట్టాం. వదిలితే కుడివైపు ఒరిగిపోతోంది. పదిసార్లు ఒరిగింది, పదిసార్లు నిలబెట్టాం. పదకొండోసారి ఎడంచేత్తో మంచంపట్టె పట్టుకుని తనే ఆపుకుంది. నుదుటి మీద చెమట కారుతోంది. నేను "చాలు" అన్నాను. తల అడ్డంగా ఊపింది.

కరెంటు వచ్చేలోపు మంచం మళ్లీ గోడకు జరిపాం. నేల మీద మంచం కోళ్లు గీసుకున్న గీతలు తెల్లగా కనపడ్డాయి. గవరయ్య తన తువ్వాలు తడిపి రుద్దాడు.

15వ రోజు

పోలమ్మ నిలబడింది. మోకాలికి చెక్కబద్ద కట్టి, నా భుజం మీద చేయి వేయించి నిలబెట్టాను. ఇరవై లెక్కపెట్టేదాకా ఉంది. తాడుబండి కుదుపుకి పడిపోకుండా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడే అలవాటు ఆ శరీరంలో ఇంకా ఉంది.

తెర మీద ఆమె గడిలో మాత్రం రోజూ 'మార్పు లేదు' అని రాస్తున్నాను. అది కూడా నా చేత్తోనే.

17వ రోజు

పడిపోయింది.

నాలుగో అడుగు వేస్తుండగా చెక్కబద్ద జారింది. నేను పట్టుకోబోయాను, చేతికి చీరకొంగే దొరికింది. తుంటి నేలకు కొట్టుకున్న చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. గవరయ్య నోటికి చేయి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు. ఎముక విరిగితే? తలకు తగిలితే? ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి? తుంటి తడిమి చూశాను. కాలు తిప్పాను. విరగలేదు.

పోలమ్మ నేల మీద పడుకుని నన్ను చూసి పెదవులు కదిపింది. రెండు మూడుసార్లు ప్రయత్నించాక ఒక మాట బయటికొచ్చింది.

"లేపు."

స్ట్రోక్ వచ్చాక ఆమె పలికిన మొదటి మాట అది. గవరయ్య గోడకు తిరిగిపోయి భుజాలు కదిలేలా ఏడ్చాడు.

18వ రోజు

తుంటి మీద అరచేయంత నల్లగా కమిలిన మచ్చ. రౌండ్స్‌లో డాక్టరుగారు దుప్పటి తీసి చూశారు.

"ఇదేమిటి?"

"మంచంపట్టె ఒరుసుకుందేమో సార్."

ఆయన నన్ను చూశారు. పోలమ్మ అరికాళ్లను చూశారు. అవి దుమ్ముపట్టి ఉన్నాయి. పద్దెనిమిది రోజులుగా నేల ముట్టని మనిషికి ఆ దుమ్ము ఎక్కడిది? కడగడం నాకు తట్టలేదు.

ఆయన దుప్పటి కప్పేసి, "గురువారం పైకి పంపే జాబితా సిద్ధం చేయండి" అని వెళ్లిపోయారు.

ఆయనకు తెలిసిపోయింది. చెబుతారా, చెప్పరా? ఇంటికి వెళ్లాక గేటు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను. "ఏమైందే?" అని అత్తయ్య మూడుసార్లు అడిగింది. ఏమీ లేదన్నాను.

20వ రోజు

ఏడు అడుగులు. నా చేయి పట్టుకుని. పట్టు వదిలితే ఒక్కటి కూడా వేయలేదు. ఈ ఏడడుగులు చూపించి రేపు ఎవరినీ ఆపలేను.

వెళ్లబోతుంటే గవరయ్య గుమ్మం దగ్గర ఆపాడు.

"అమ్మా, ఒక మాట. నాను కూడా పైకెల్లి దాని కాడ ఉండిపోవచ్చా?"

"ఉండనివ్వరు గవరయ్యగారూ."

"మరి అన్నం ఎవులు పెడతారు? అది అందరి సేతా తినదు."

రేపటి జాబితా తీసుకుని బయటికొచ్చేశాను.

21వ రోజు

పొద్దున తొమ్మిదింటికి తాడుబండి వచ్చింది. పోలమ్మతో పాటు పంపాల్సినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. స్ట్రెచర్లు వరండాలో పెట్టారు. ఆమె తలెత్తి ఆ బండినీ దాని కప్పీనీ చూసింది. ఇన్నేళ్లూ తనే ఇంజను పక్కన నిలబడి అందరినీ పైకి ఎక్కించిన బండి అది. ఎక్కడికి పోతోందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు? ఎడంచేత్తో వరండా కమ్మీ పట్టుకుంది. ఇద్దరు మనుషులు లాగినా వదల్లేదు. అరవలేదు. ఊరికే పట్టుకుంది.

నేను జాబితా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. కాళ్లు వాటంతటవే కార్యాలయంలోకి నడిచాయి. తెర ముందు కూర్చుని టైపు చేశాను: 'మూడో రోజు పరీక్షలో నేను తప్పు అంకె వేశాను. రోగికి ఎడమచెవి వినపడదని తెలుసుకోలేదు.' వేలిముద్ర వేయాలి. వేలికి చెమట పట్టి ముద్ర పడలేదు. చీరకు తుడుచుకుని మళ్లీ వేశాను. మళ్లీ పడలేదు. మూడోసారి పడింది.

తెర మీద ఎర్రగా ఒక వరుస వచ్చింది: 'పరీక్షకురాలి దస్త్రాలు 212 తెరవబడినవి. నాలుగో మంచం తరలింపు పద్నాలుగు రోజులు నిలిపివేయబడినది.'

బయటికొచ్చి పోలమ్మను దింపమన్నాను. మిగతా ఇద్దరినీ తీసుకుని బండి పైకి వెళ్లిపోయింది. ఆ ఇద్దరినీ పరీక్షించింది నేను కాదు. నేను ఆపగలిగింది ఒక్కరినే.

22వ రోజు

కొత్త పరీక్ష డాక్టరుగారే చేశారు. కుడివైపు సందులో దూరి, మోటారు ఆపించి, ప్రతి అంకె రెండుసార్లు చూసి వేశారు. 'అర్థం కావడం' గడిలో నిండు అంకె పడింది. ముగ్గురం తెర ముందు నిలబడ్డాం.

ముప్పై ఎనిమిది శాతం.

యాభై రాలేదు. వయసు యాభై ఎనిమిది, కుడిచేయి అసలు కదలదు, పంతొమ్మిది రోజుల నడకమర వ్యాయామం పోయింది. నా తప్పు దిద్దినా మళ్లీ కొండచీటీయే.

"ఏటన్నాదమ్మా?" అని గవరయ్య అడిగాడు.

డాక్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. "నిలిపివేత పద్నాలుగు రోజులుంది. ఆ రోజుల్లో ఏం వైద్యం చేయాలో నిబంధనల్లో ఎక్కడా లేదు. వద్దని కూడా లేదు" అన్నారు. నడకమరల గది తాళంచెవి జేబులోంచి తీసి గవరయ్య చేతిలో పెట్టారు. ఇది బయటపడితే ఆయన వేలిముద్రకూ గేటు తెరుచుకోదు. ఆయనకు కూడా ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు కదా.

"అరికాళ్లు చూసిన రోజే నేను అడగాల్సింది" అన్నారు నాతో.

సాయంత్రం నా వేలిముద్రకు గేటు తెరుచుకోలేదు. కాపలా మనిషి లోపలి నుంచి తీసి నన్ను బయటికి పంపాడు.

33వ రోజు

క్వార్టర్సు ఖాళీ చేయమని ఇంకా ఎవరూ రాలేదు. రాకపోవడమే ఎక్కువ భయంగా ఉంది. సామాన్లు సగం కట్టి పెట్టాను. అత్తయ్య మందుల సంచీ గుమ్మం పక్కనే ఉంది.

గవరయ్య ఒకరోజు తప్పించి ఒకరోజు వచ్చి కబురు చెప్పి వెళ్తున్నాడు. ఇవాళ గుమ్మంలో నిలబడే చెప్పాడు.

"మర తీసీసినారమ్మా. కర్ర పట్టుకుని వరండా ఈ సివర నుంచి ఆ సివరకి ఎల్లినాది. నాను పక్కన నడిస్తే 'పో' అన్నాది నన్ను. రెండో మాట అది. 'లేపు', 'పో'. ఇంకేటీ రావట్లేదు గానీ ఆ రెండూ బాగా వచ్చేసినాయి."

నవ్వాను. నవ్వి ఎన్నాళ్లయిందో.

36వ రోజు

పోలమ్మ ఇంటికి వెళ్లిపోయింది. కంచె బయట నిలబడి చూశాను. కుడికాలు ఈడుస్తూ, కర్ర మీద బరువు వేస్తూ, గేటు దాకా నలభై అడుగులు. నిలిపివేత నిన్నటితో ముగిసింది; ఆమెను తాడుబండికి మోయడానికి సిద్ధంగా ఉన్న ఇద్దరు మనుషులు ఊరికే వెనక నడిచారు. నన్ను చూసి ఆగింది. ఏదో చెప్పబోయి, మాట రాక విసుక్కుని, తలతో 'రా' అన్నట్టు సైగ చేసింది. వెళ్లి పట్టుకుంటే ఆమె చేయి వేడిగా, గట్టిగా ఉంది.

కేంద్రం లెక్కలో కొండచీటీల్లో తప్పిన మొదటి జాతకం ఇది. తొంభై ఏడు మీద ఒక మచ్చ.

41వ రోజు

ఉత్తర్వు వచ్చింది. నన్ను తీసేయలేదు. నేను చేసిన రెండువందల పన్నెండు పరీక్షల్లో కొండచీటీలు అరవై ఒకటి. అరవై ఒక్కరినీ నేనే మళ్లీ పరీక్షించాలి, పైఇంట్లోనే ఉండి. కింద సంతకం ముకుంద్‌గారిది. అత్తయ్య మెట్ట మీదే ఉండవచ్చని ఒక వాక్యం విడిగా రాశారు.

దాని కింద ఒక పట్టిక ఉంది. అరవై ఒక్కరిలో బతికున్నది పంతొమ్మిది మంది.

ఆ అంకె దగ్గరే ఆగిపోయాను. మిగతా పేర్లు చదవడానికి నాకు ఒక పూట పట్టింది.

43వ రోజు

తాడుబండిలో ఒక్కదాన్నే పైకొచ్చాను. పైఇల్లు మందుల వాసన వేస్తున్న ఒక పొడుగాటి షెడ్డు. గోడలకు సున్నం వేశారు, దుప్పట్లు ఉతికి ఉన్నాయి. ఎవరూ ఎవరినీ హింసించడం లేదు. రెండు వరుసల మంచాల మీద మనుషులు పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నారు. ఎక్కడా మాట వినపడటం లేదు.

సన్యాసమ్మ అనే పెద్దావిడ అందరికీ అన్నం పెట్టి, ఒళ్లు తుడుస్తుందట. "కొత్తగా వచ్చినారా అమ్మా? రండి, రండి. ఇక్కడికి కిందనించి డాక్టర్లెవులూ రారు" అంది.

నా పట్టికలో మొదటి పేరు బడిపంతులుగా చేసిన జోగినాయుడుది. మూడేళ్ల కిందట నేనే పరీక్షించాను. తొమ్మిది శాతం. ఆయన మొహం నాకు అసలు గుర్తు లేదు.

మంచం చుట్టూ ఒకసారి తిరిగాను. ఒక చెవి దగ్గర పలికాను, రెండో చెవి దగ్గర పలికాను. తర్వాత ఆయన పాదం కింద నా అరచేయి పెట్టి, "మాస్టారూ, నా చేతిని నెట్టండి" అన్నాను. కదలదనే అనుకున్నాను. కదలకూడదని కూడా లోపల ఎక్కడో కోరుకున్నాను. ఆ సంగతి ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయలేను.

పాదం నా అరచేతిని నెట్టింది. నెమ్మదిగా, గట్టిగా.

చేయి తీయలేకపోయాను. "ఈయన కాలు ఆడిస్తారా?" అని సన్యాసమ్మను అడిగాను.

ఆవిడ చేతిలోని తడిగుడ్డ పిండుతూ మామూలుగా చెప్పింది. "ఆడిస్తారు కదమ్మా. వచ్చిన కాడ్నించి ఆడిస్తన్నారు. సాలామంది ఆడిస్తారు. మరి నాను ఎవులికి సెప్పాల?"

పక్క మంచం మీది మనిషి తల తిప్పి మావైపు చూస్తున్నాడు. దాని పక్క మంచం మీది ఆవిడ కూడా.